జీతానికి గీత గీసిన ఆట

మ్యాచ్ గెలిచినా పాయింట్లు రావు. కప్పు గెలిచినా రెండేళ్ల తర్వాత వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుంది. కారణం.. ఆటగాళ్లకు జీతం ఎక్కువ ఇచ్చారని! రగ్బీ లీగ్‌లో శాలరీ క్యాప్, కాంట్రాక్టుల కథ ఇది. ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూస్తున్నవారికి ఇందులో పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

1969. సిడ్నీ. డెన్నిస్ టట్టీ అనే ఆటగాడు ఆ సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గాయమేమీ కాలేదు. ఫామ్ పోలేదు. అప్పటికే ఆస్ట్రేలియా జట్టుకు ఆడినవాడు. మరెందుకు ఆడలేదు? బాల్మెయిన్ క్లబ్బు వదిలి వేరే క్లబ్బుకు వెళ్తానన్నాడు, వాళ్లు వదల్లేదు. అంతే.

అప్పటి నిబంధన అలా ఉండేది. తమ దగ్గరే ఉంచుకునేవాళ్ల జాబితాలో క్లబ్బు ఒకరి పేరు రాసిందంటే, కాంట్రాక్టు గడువు తీరిపోయినా సరే అతను మరో జట్టుకు ఆడటానికి వీల్లేదు. ఎన్నాళ్లు? క్లబ్బు వదిలేదాకా. అలా కట్టేసి ఉంచినంత కాలం జీతం ఇవ్వాలన్న నియమం కూడా లేదు!

టట్టీ ఆడటం మానేసి కోర్టుకెక్కాడు. అతను బయట కూర్చున్న ఆ ఏడాదే బాల్మెయిన్ ట్రోఫీ గెలిచింది. అతనికి దక్కిందేమీ లేదు. 1971లో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) టట్టీ పక్షాన తీర్పిచ్చింది. గడువు తీరాక కూడా మనిషిని కదలనివ్వకపోవడం అతని వృత్తికి అన్యాయంగా అడ్డుపడటమేనని తేల్చింది. ఆ తీర్పు తర్వాత వచ్చిన ఆటగాళ్లందరూ బాగుపడ్డారు. టట్టీ కెరియర్లో మాత్రం ఒక ఏడాది పోయింది.

ఈ కథను గుర్తుపెట్టుకోండి. చివర్లో మన ఆఫర్ లెటర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఆరు షిల్లింగుల గొడవ

ముందు ఆట సంగతి. రగ్బీలో రెండు రకాలు. జట్టుకు 15 మంది ఆడేది రగ్బీ యూనియన్. 13 మంది ఆడేది రగ్బీ లీగ్. లీగ్‌లో ఒక జట్టు ఆరుసార్లు ట్యాకిల్ అయ్యేలోపు పాయింట్లు సాధించాలి, లేదంటే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. కబడ్డీ చూసినవాళ్లకు ట్యాకిల్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇక్కడ మాత్రం వంద కిలోల మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి మీద పడతాడు.

రెండు రకాలు ఎందుకయ్యాయంటే జీతం గొడవ వల్లే. 19వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేవాళ్లు ఎక్కువమంది గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. మ్యాచ్ కోసం పని మానుకుంటే ఆ రోజు కూలీ పోయేది. ఆ నష్టాన్ని భర్తీ చేస్తామని అక్కడి క్లబ్బులు అడిగాయి. రగ్బీ పెద్దలు కుదరదన్నారు. ఆట ఆటేగానీ దానికి డబ్బేంటి అన్నది వారి వాదన. చేతి నిండా డబ్బున్నవాళ్లకు అలా మాట్లాడటం తేలికే! 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. పోయిన పనికి రోజుకు ఆరు షిల్లింగుల వరకు ఇవ్వొచ్చని నిర్ణయించుకున్నాయి.

‘వరకు’ అన్న మాట గమనించారా? ఆరు షిల్లింగులు కనీసం కాదు, గరిష్ఠం. జీతం కోసం పుట్టిన ఆట పుట్టిన రోజే జీతానికి గీత గీసింది. 1898లో ఆటకు పూర్తిస్థాయిలో డబ్బు తీసుకోవడానికి ఒప్పుకున్నారు, కానీ ఆటగాడికి బయట వేరే ఉద్యోగం ఉండి తీరాలన్నారు. ఈ నియమాలేవీ ఆటగాళ్లను అడిగి పెట్టినవి కావు.

క్యాప్ లెక్క ఇదీ

ఇప్పుడు ఈ ఆటలో డబ్బంతా ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి నేషనల్ రగ్బీ లీగ్, అంటే ఎన్‌ఆర్‌ఎల్‌లో 2023 నుంచి 17 క్లబ్బులు ఆడుతున్నాయి. ఒక్కో క్లబ్బుకు 30 మంది ప్రధాన ఆటగాళ్లు, ఆరుగురు డెవలప్‌మెంట్ ఆటగాళ్లు. ఈ 36 మందికి కలిపి 2023లో క్లబ్బు ఇవ్వగలిగింది సుమారు 1.21 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. డాలరు రూ.55 అనుకుంటే దాదాపు రూ.66 కోట్లు. క్లబ్బు యజమాని ఎంత కోటీశ్వరుడైనా దీన్ని దాటకూడదు. ఇదే శాలరీ క్యాప్.

సిడ్నీ పోటీల్లో క్యాప్ 1990లో వచ్చింది. డబ్బున్న క్లబ్బులు మంచి ఆటగాళ్లను ఊడ్చుకుపోవడం, వాటితో పోటీపడలేక మిగిలినవి అప్పులపాలవడం ఆపాలన్నది ఉద్దేశం. దాని వెంటే డ్రాఫ్ట్ పద్ధతి కూడా తెచ్చారు. అంటే గడువు తీరిన ఆటగాణ్ని ఏ క్లబ్బు తీసుకోవాలో వంతులవారీగా తేల్చడం. ఆటగాళ్లు కోర్టుకెళ్తే 1991లో డ్రాఫ్ట్ కొట్టుకుపోయింది. క్యాప్ మిగిలింది. నాకైతే ఆ తేడా సబబుగానే అనిపిస్తుంది. మొత్తం బడ్జెట్ ఇంత అనడం వేరు, నువ్వు ఫలానా చోటే పనిచేయాలి అనడం వేరు.

క్యాప్ ప్రభావం ఎవరి మీద పడుతుందో ఒకసారి లెక్కేయండి. ఒక స్టార్‌కు ఏడాదికి 12 లక్షల డాలర్లు ఇస్తే క్యాప్‌లో దాదాపు పదో వంతు అతనికే పోయింది. అలాంటివాళ్లు ముగ్గురుంటే మిగతా 33 మందికి 70 శాతంలో సర్దాలి. స్టార్‌కు ఢోకా లేదు, అతను ఎక్కడికెళ్లినా ఎర్ర తివాచీ పరుస్తారు. కుర్రాళ్లకు కనీస వేతనం ఉంది. ప్రధాన జాబితాలో ఉంటే 2023లో అది లక్షా 20 వేల డాలర్లు. నలిగేది మధ్యలోవాళ్లు. ఐదారేళ్ల అనుభవం, ఏటా నాలుగు లక్షల డాలర్ల జీతం, బాగానే ఆడతాడు కానీ పేరు మోగిపోదు. ఆ డబ్బుతో ముగ్గురు కుర్రాళ్లు వస్తారనుకుంటే క్లబ్బు అతన్ని వదిలేస్తుంది. ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్న మీ సీనియర్లను అడిగి చూడండి, ఈ మాట వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇదే ఫ్రెషర్లకు తలుపు తెరుస్తుంది కూడా. పెన్‌రిత్ పాంథర్స్ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిచింది. గెలిచిన కొద్దీ ఆటగాళ్ల ధర పెరిగింది, క్యాప్‌లో అందర్నీ ఉంచుకోవడం కుదరలేదు. 2022 తర్వాత కికావు, కొరొయిసావు వెళ్లిపోయారు. 2023 తర్వాత స్టీఫెన్ క్రైటన్. 2024 తర్వాత జరోమ్ లువాయ్, ఫిషర్-హారిస్. ఖాళీ అయిన ప్రతి చోటా సొంత అకాడమీలో తయారైన పశ్చిమ సిడ్నీ కుర్రాళ్లను దింపుతూ వచ్చింది. క్యాప్ లేకపోతే వాళ్లలో చాలామందికి బెంచీయే గతి.

రెండు రకాల కాగితాలు

గీత గీస్తే దాటేవాళ్లు ఉంటారు. 2002లో సిడ్నీలోని బుల్‌డాగ్స్ వరసగా 17 మ్యాచ్‌లు గెలిచి పట్టికలో మొదటి స్థానంలో ఉంది. క్యాప్ దాటి చెల్లించారని బయటపడింది. 37 పాయింట్లు కోసేశారు, ఐదు లక్షల డాలర్ల జరిమానా వేశారు. మొదటి స్థానంలో ఉన్న జట్టు సీజన్‌ను ఆఖరి స్థానంలో ముగించింది.

మెల్‌బోర్న్ స్టార్మ్ కథ ఇంకా పెద్దది. 2010 ఏప్రిల్ 22న ఎన్‌ఆర్‌ఎల్ వాళ్ల బండారం బయటపెట్టింది. ఆటగాళ్ల కాంట్రాక్టులకు ఆ క్లబ్బులో రెండు రకాల కాగితాలున్నాయి. లీగ్‌కు చూపించేవి ఒకటి, అసలు చెల్లింపులవి మరొకటి. తర్వాత జరిగిన ఆడిట్‌లో దాటిన మొత్తం 30 లక్షల డాలర్ల పైనే అని తేలింది. 2007, 2009 టైటిళ్లు రద్దయ్యాయి. జరిమానా, ప్రైజ్‌మనీ వాపసు కలిపి దాదాపు 17 లక్షల డాలర్లు పడింది. అన్నిటికంటే కష్టమైన శిక్ష ఏమిటంటే, ఆ సీజన్లో మిగిలిన మ్యాచ్‌లన్నీ ఆడాలి, కానీ ఎన్ని గెలిచినా పాయింట్లు సున్నా.

ఊహించండి. వారం వారం ఒళ్లు హూనం చేసుకుని ఆడాలి, పట్టికలో ఏమీ మారదు. సీజన్ అయ్యాక జట్టును క్యాప్‌లోకి కుదించాలి కాబట్టి గ్రెగ్ ఇంగ్లిస్ లాంటి అగ్రశ్రేణి ఆటగాణ్నే వదులుకోవాల్సి వచ్చింది. అతను 2011 నుంచి సౌత్ సిడ్నీకి ఆడాడు. ఆఫీసు గదిలో కూర్చుని కాగితాలు మార్చినవాళ్ల తప్పుకు ఊరు మారాల్సి వచ్చింది మైదానంలో ఉన్నవాళ్లు. అయినా పాఠం అందరికీ ఎక్కలేదు. 2016లో పారమట్టా ఈల్స్ కూడా దొరికిపోయి 12 పాయింట్లు, 10 లక్షల డాలర్లు పోగొట్టుకుంది.

అంకె కింద చిన్న అక్షరాలు

‘10 ఏళ్లకు కోటి డాలర్లు’. 2017లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌తో జేసన్ టౌమలోలో కుదుర్చుకున్న ఒప్పందం గురించి పత్రికలు ఇలాగే రాశాయి. మనకు కనపడేది ఆ అంకే. అసలు సంగతి దాని కింద ఉంటుంది.

మొదటిది, జీతం ఏ ఏడాది ఎంత అన్నది. నాలుగేళ్ల ఒప్పందంలో మొదటి ఏడాది తక్కువ, చివరి ఏళ్లలో ఎక్కువ పెట్టడం క్లబ్బులకు అలవాటు. ఈ ఏడాది క్యాప్‌లో చోటు దొరుకుతుంది, తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చు. చిక్కేమిటంటే, ఒప్పందం రాసిన మేనేజ్‌మెంట్ ‘తర్వాత’ దాకా ఉండకపోవచ్చు. బుల్‌డాగ్స్‌లో అదే జరిగింది. పాత మేనేజ్‌మెంట్ మొదట తక్కువ, చివర్లో ఎక్కువ వచ్చేలా రాసిచ్చిన కాంట్రాక్టుల బరువు 2018లో కొత్తవాళ్ల నెత్తిన పడింది. నాలుగేళ్లకని వచ్చిన ఆరన్ వుడ్స్ మొదటి సీజన్ సగంలోనే క్రొనల్లా క్లబ్బుకు మారిపోయాడు.

రెండోది ఆప్షన్. ‘మూడేళ్లు, ఆపై ఒక ఏడాది ఆప్షన్’ అని ఉంటే, ఆ ఆప్షన్ ఎవరిది అన్నది అడగాలి. ఆటగాడిదైతే నాలుగో ఏడాది ఉండాలా వెళ్లాలా అన్నది అతని ఇష్టం. క్లబ్బుదైతే వాళ్ల ఇష్టం. ఒక్క పదం తేడాతో అదే కాగితం భరోసా కావచ్చు, లేదంటే బేడీ కావచ్చు.

మూడోది, బయటి కంపెనీలిచ్చే డబ్బు. ఒక సంస్థ ఆటగాడితో నేరుగా ప్రకటనల ఒప్పందం చేసుకుంటే అది క్యాప్‌లోకి రాదు. కానీ దాన్ని లీగ్ దగ్గర నమోదు చేయాలి, ఆ డబ్బు వస్తుందని క్లబ్బు హామీ ఇవ్వకూడదు. అంటే స్పాన్సర్ చేతులెత్తేస్తే అడిగే దిక్కుండదు. ప్యాకేజీలో ఇలాంటి సొమ్మును కలిపి చెప్పే ఏజెంట్‌ను నమ్మి సంతకం పెడితే అంతే సంగతులు. మన సీటీసీలో ‘వేరియబుల్ పే’ దాదాపు దీని తమ్ముడే.

చేతికొచ్చేది ఎంత అన్న ప్రశ్న అక్కడా ఉంది. 2028లో పాపువా న్యూ గినియా జట్టు ఎన్‌ఆర్‌ఎల్‌లోకి రాబోతోంది. ఆటగాళ్లను రప్పించడానికి ఆ జట్టులో ఆడేవాళ్ల జీతంపై పన్ను ఉండదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. క్యాప్ అందరికీ ఒకటే, జేబులోకి వచ్చేది మాత్రం వేరు. మిగతా క్లబ్బులకు ఇది మింగుడుపడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఇక ఉద్యోగం మారడానికీ ఓ తేదీ ఉంది. కాంట్రాక్టు చివరి ఏడాదికి ముందు వచ్చే నవంబరు 1 నుంచి ఆటగాడు ఇతర క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. అందుకే ఏడాదంతా ఒక జట్టుకు ఆడుతూ, వచ్చే ఏడాది ఎదుటి జట్టుకు వెళ్తానని ముందే ప్రకటించేసినవాళ్లు అక్కడ మామూలే. నోటీస్ పీరియడ్ ఏడాది ఉన్నట్టన్నమాట! అభిమానులకు ఒళ్లు మండుతుంది, కానీ ఆటగాళ్లు ఆ ఏడాది కూడా ఒళ్లు దాచుకోకుండానే ఆడతారు.

చెప్పకుండా విమానమెక్కినవాడు

సన్నీ బిల్ విలియమ్స్ అలా ఏడాది ఆగలేదు. 2007లో బుల్‌డాగ్స్‌తో ఐదేళ్లకు సంతకం చేశాడు. 2008 జులైలో, సీజన్ మధ్యలో, సహచరులకు కూడా చెప్పకుండా విమానమెక్కి వెళ్లిపోయాడు. ఫ్రాన్స్‌లోని టౌలాన్ క్లబ్బులో తేలాడు. అది రగ్బీ యూనియన్ కాబట్టి ఎన్‌ఆర్‌ఎల్ క్యాప్ వర్తించదు, డబ్బు ఎక్కువ. బుల్‌డాగ్స్ కోర్టుకెళ్లింది. చివరికి దాదాపు ఏడున్నర లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు.

టట్టీ, విలియమ్స్ ఇద్దరూ చేసింది పైకి ఒకటే, క్లబ్బు వదిలేశారు. ఒకరికి కోర్టు అండగా నిలిచింది, మరొకరి వల్ల లక్షలు కట్టాల్సి వచ్చింది. తేడా ఒక్కటే. టట్టీ విషయంలో క్లబ్బు కాంట్రాక్టు గడువు దాటాక కూడా ఆపే హక్కు కోరింది. విలియమ్స్ గడువు మధ్యలో వెళ్లిపోయాడు.

మన దగ్గరా ఇదే తేడా. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 27 ప్రకారం ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. దీన్ని చూపించి ‘సర్వీస్ బాండ్లేవీ చెల్లవు, ధైర్యంగా సంతకం పెట్టెయ్’ అని హాస్టల్లో చెప్పేవాళ్లుంటారు. నమ్మకండి. మూడేళ్లు పూర్తికాకుండా మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు నిబంధన చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం వదిలాక మరోచోట చేరొద్దని ఆపడం వేరు, గడువులోపు వదిలితే సహేతుకమైన మొత్తం కట్టమనడం వేరు. బాండ్ ఎన్నేళ్లు, ఎంత మొత్తం, ఎప్పటినుంచి లెక్క అన్నవి సంతకానికి ముందే అడగాల్సిన ప్రశ్నలు.

బల్లకు అటువైపు ఎవరు?

క్యాప్ మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, ఆ గీత గీసేటప్పుడు ఆటగాళ్లు ఆ గదిలో ఉన్నారా లేదా అన్నది ముందు చూస్తాను. 1895లో లేరు. 2023లో ఉన్నారు. కొత్త వేతన ఒప్పందం కోసం ఆటగాళ్ల సంఘం, ఎన్‌ఆర్‌ఎల్ దాదాపు 20 నెలలు చర్చలు జరిపాయి. ఎంతకీ తెగకపోవడంతో ఆటగాళ్లు మ్యాచ్ రోజుల్లో మీడియాతో మాట్లాడటం మానేశారు. జెర్సీల మీద లీగ్ లోగో కనపడకుండా టేపు అంటించుకుని మైదానంలోకి దిగారు. ఆట ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2027 దాకా వర్తించే ఆ ఒప్పందంలో క్యాప్‌తోపాటు కనీస వేతనం కూడా ఉంది.

మహిళా ఆటగాళ్లను ఇలాంటి ఒప్పందంలో చేర్చడం అదే మొదటిసారి. 2023లో మహిళల జట్టుకు క్యాప్ 9 లక్షల డాలర్లు, 24 మందికి. కనీసం 30 వేల డాలర్లు. పురుషుల కనీస వేతనంలో నాలుగో వంతు. చాలామంది అమ్మాయిలు టీచర్లుగా, నర్సులుగా పనిచేస్తూనే ఆడతారు. ఆట ఆడాలంటే బయట ఉద్యోగం తప్పదన్న 1898 నాటి పరిస్థితి వీళ్లకింకా పూర్తిగా పోలేదు.

మన టైటాన్స్‌కూ తగిలింది

జట్టు ఖర్చుకు గీత మనకేమీ కొత్త కాదు. ఐపీఎల్ వేలంలో, ప్రొ కబడ్డీలో ‘పర్స్’ అనేది ఇదే. 2023 వేలంలో ఒక్కో కబడ్డీ జట్టు పర్స్ రూ.5 కోట్లు. తెలుగు టైటాన్స్ అందులో రూ.2.605 కోట్లు పెట్టి పవన్ సెహ్రావత్‌ను కొనుక్కుంది. సగానికి పైగా ఒక్కరికే! పవన్ ఆటను ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ మిగిలిన సగంతో జట్టంతా కట్టాలి కదా. ఆ సీజన్లో 22 మ్యాచ్‌లాడితే గెలిచింది రెండు, 12 జట్లలో 12వ స్థానం. మెల్‌బోర్న్, పెన్‌రిత్ ఆఫీసుల్లో కూర్చునేవాళ్లు ఏటా బుర్ర బద్దలుకొట్టుకునేది సరిగ్గా ఈ లెక్క దగ్గరే.

ఆ బుర్ర బద్దలుకొట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమే. ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బులు 17, ఒక్కో దాంట్లో ప్రధాన ఆటగాళ్లు 30. మొత్తం 510 కొలువులు. అవి మనకు రావు. వాటి చుట్టూ ఉన్నవాటి సంగతి వేరు. ఎవరికి ఎంత, ఎన్నేళ్లకు అని లెక్కలేసే జట్టు మేనేజర్లు, కాంట్రాక్టు రాసే న్యాయవాదులు, ఆటగాళ్ల తరఫున బేరమాడే ఏజెంట్లు, ఆ కాగితాలు తనిఖీ చేసే ఆడిటర్లు ఉంటారు. మన దేశంలోనూ లీగ్‌లు పెరుగుతున్నాయి. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టే ఉంది (అయితే అది ఏడుగురు ఆడే యూనియన్ రకం). లా చదివేవాళ్లు కాంట్రాక్టు చట్టం పేపర్‌ను మార్కుల కోసమే కాకుండా కాస్త లోతుగా చదివితే ఈ రంగంలో పనికొస్తుంది. సీఏ, స్టాటిస్టిక్స్ వాళ్లకూ చోటుంది. ఏజెంట్ కావాలనుకునేవాళ్లకు ఫుట్‌బాల్‌లో దారి స్పష్టంగా ఉంది. 2023 నుంచి ఫిఫా లైసెన్స్ పరీక్ష పెడుతోంది. 20 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 75 శాతం వస్తే పాస్.

ఆట తెలిసినవాళ్లకు ఈ ఉద్యోగాల్లో కాస్త మొగ్గు ఉంటుంది. 2010లో మెల్‌బోర్న్ స్టార్మ్ లెక్కలు తవ్వి తీసిన ఎన్‌ఆర్‌ఎల్ శాలరీ క్యాప్ ఆడిటర్ ఇయాన్ షూబర్ట్ ఒకప్పుడు ఆస్ట్రేలియా జట్టుకు రగ్బీ లీగ్ ఆడినవాడే.